ఆరు టన్నుల బుజ్జి

‘కల్కి 2898 ఏడీ’ నన్ను నిరాశపరిచింది. ఈ మాట ముందే చెప్పేయడం మంచిది, ఎందుకంటే ఇక మీదట రాయబోయేదంతా దాదాపు మెచ్చుకోలే. 2024 జూన్ 27న విడుదలైన ఈ సినిమాకు 600 కోట్ల దాకా ఖర్చయిందని వార్తలొచ్చాయి. ప్రపంచమంతా కలిపి వసూళ్లు 1000 కోట్లు దాటాయని నిర్మాతలు ప్రకటించారు. కాబట్టి డబ్బు దగ్గర దీన్ని ఫ్లాప్ అనడానికి లేదు. నా పేచీ కథ దగ్గర. సినిమా సగం గడిచేదాకా కథ కదలదు. కదిలే వేళకు అతిథి పాత్రలు ఒకటి తర్వాత ఒకటి అడ్డొస్తాయి. ముడి బిగిసిందనుకునేసరికి మిగతాది రెండో భాగంలో చూసుకోమని లైట్లు వేసేస్తారు. మూడు గంటలు కూర్చోబెట్టి సగం కథ చెప్పడం టికెట్ కొన్నవాడికి న్యాయం కాదు.

అయినా ఈ సినిమాను పక్కన పెట్టేయలేకపోతున్నాను. అందులో కొన్ని వస్తువులు, కొన్ని దేహాలు, ఒక నగరం తయారైన తీరు అలాంటిది. తెలుగు సినిమాలో ఇంత ఓపికగా వస్తువును తయారుచేసినవాళ్లు తక్కువ. కథ బాగాలేదన్న ఒక్క మాటతో ఆ చేతుల పని కూడా కొట్టుకుపోకూడదనే ఈ వ్యాసం.

మా సత్తుపల్లిలో ఉండేవాళ్లకు యంత్రాన్ని చూసే చూపు కొంచెం వేరుగా ఉంటుంది. ఊరికి ఆనుకునే సింగరేణి బొగ్గు గనులున్నాయి. మాజీ ముఖ్యమంత్రి జలగం వెంగళరావు పేరు పెట్టుకున్న జేవీఆర్ ఓసీ ఒకటి, కిష్టారం ఓసీ ఇంకొకటి. ఓపెన్‌కాస్ట్ గనంటే అంతా యంత్రాల రాజ్యమే. లోడు డంపర్ మలుపు తిరిగితే కింద నేల ఎలా ఉంటుందో, వాలులో దిగేటప్పుడు బ్రేకుల చప్పుడు ఎలా మారుతుందో ఇక్కడ చాలా ఇళ్లలో తెలుసు. ఇటు అశ్వారావుపేట, దమ్మపేట దారిలో పామాయిల్ గెలల ట్రక్కును లాగలేక ట్రాక్టరు ఎత్తు మీద ముందు చక్రాలు లేపడం చూడనివాళ్లు ఉండరు. బరువు అబద్ధమాడితే ఈ ఊళ్లో దొరికిపోతుంది.

సెకండ్ షో వదిలాక, గనిలో డంపర్ నడిపే ఒక తమ్ముడు అన్న మాట ఇది: “కథ సంగతి నాకు తెలవదన్నా. ఆ బండికి మాత్రం బరువుంది. ఉత్త గ్రాఫిక్స్ కాదది.” నేను చదివిన సమీక్షల్లో ఎవరూ ఇంత సూటిగా చెప్పలేదు. ఆ మాటనే పట్టుకుని ముందుకు పోతాను.

అతనన్న బండి బుజ్జి. సినిమాలో భైరవ (ప్రభాస్) నడిపే వాహనం, దాని లోపలి బుర్ర కూడా. ఆ బుర్రకు సాంకేతిక నామం బీయూ-జేజెడ్-1. గొంతు కీర్తి సురేశ్‌ది. దర్శకుడు నాగ్ అశ్విన్ తీసిన ‘మహానటి’ (2018)లో సావిత్రిగా నటించి జాతీయ అవార్డు తెచ్చుకున్న నటి, ఇక్కడ ముఖం చూపించకుండా వేళాకోళం చేస్తుంది. ఆ వేళాకోళంలో సగం పండలేదు, అది వేరే సంగతి.

ఈ బండి పుట్టుక దాచిన రహస్యమేమీ కాదు. 2022 మార్చిలో నాగ్ అశ్విన్ ట్విటర్‌లో ఆనంద్ మహీంద్రాకు బాహాటంగానే విన్నపం పెట్టుకున్నారు. భవిష్యత్తుకు చెందిన బండ్లు తయారుచేయాలనుకుంటున్నాం, మాకు తెలిసిన ఇంజనీరింగ్ సరిపోదు, సాయం చేయండి అన్నది దాని సారాంశం. తెలుగు సినిమా దర్శకుడు వాహన కంపెనీని అడగాల్సింది డబ్బో ప్రకటనో అని అందరూ అనుకునే కాలంలో ఈయన ఇంజనీర్లను అడిగాడు. నాకు మొదట నచ్చింది ఇదే. చెన్నైలోని మహీంద్రా ఇంజనీర్లు మోటార్ల నుంచి చక్రాలకు శక్తి ఎలా చేరాలో, బండి నిర్మాణం ఎలా ఉండాలో, నడిస్తే ఎలా నడుస్తుందో ముందుగా లెక్కలు కట్టారు. బండిని కట్టింది కోయంబత్తూరుకు చెందిన జయెం ఆటోమోటివ్స్. టైర్లు సియట్ ప్రత్యేకంగా చేసింది. 2024 మే 22న రామోజీ ఫిల్మ్ సిటీలో అభిమానుల మధ్యకు ప్రభాస్ దాన్ని స్వయంగా నడుపుకుంటూ వచ్చాడు. అంటే అది నడిచే బండి. అట్టముక్కలతో చేసి నలుగురు వెనక నుంచి తోసే సెట్ ప్రాపర్టీ కాదు.

చిత్రబృందం ప్రకటించిన అంకెలు చూద్దాం. బరువు 6 టన్నులు. శక్తి 94 కిలోవాట్లు. టార్క్ 9800 న్యూటన్ మీటర్లు. రిమ్ము 34.5 అంగుళాలు. పొడవు ఆరు మీటర్ల పైచిలుకు, వెడల్పు మూడు మీటర్ల పైచిలుకు. మోటారు వాహనాల నిబంధనల ప్రకారం మన రోడ్ల మీద తిరిగే బండి వెడల్పు 2.6 మీటర్లు దాటకూడదు. బుజ్జి పక్కన ఆర్టీసీ బస్సు సన్నగా కనిపిస్తుందన్నమాట.

ఈ అంకెల్లో మెకానిక్ షెడ్డుకు తీసుకెళ్లి చర్చించాల్సినవి రెండున్నాయి. మొదటిది శక్తి. 94 కిలోవాట్లంటే దాదాపు 126 హార్స్‌పవర్. మన పొలాల్లో తిరిగే ట్రాక్టరు 45, 50 హార్స్‌పవర్ ఉంటుంది. ఆరు టన్నుల బండికి రెండున్నర ట్రాక్టర్ల శక్తి అంటే అది దౌడు తీసే లెక్క కాదు, బరువును కదిలించే లెక్క. తెర మీద బుజ్జి దూసుకుపోయే వేగం కంప్యూటర్ ఇచ్చిన వరం. రెండోది టార్క్. మామూలు ఎలక్ట్రిక్ కారు మోటారు రెండు మూడు వందల న్యూటన్ మీటర్లు ఇస్తుంది. 9800 అన్న అంకె మోటారు దగ్గరది కాదు, గేర్లు దాటి చక్రం దగ్గరికి చేరేసరికి పెరిగినదై ఉండాలి. ప్రచారంలో ఆ తేడా ఎవరూ చెప్పరు. చెప్పకపోయినా బండి విలువ తగ్గదు.

రిమ్ము సంగతి ఇంకా సరదాగా ఉంటుంది. లారీ రిమ్ము సాధారణంగా 20 అంగుళాలు. ట్రాక్టరు వెనక చక్రానిది 28. సింగరేణి ఓసీల్లో తిరిగే 100 టన్నుల తరగతి డంపర్ రిమ్ము 49 అంగుళాలు, టైరు పక్కన నిలబడితే మనిషి తల దాని అంచుకు అందదు. బుజ్జి ముందు చక్రాలు ట్రాక్టరుకూ డంపర్‌కూ మధ్యలో పడ్డాయి. ఈ కొలత ఎంపికలోనే తెలివి ఉంది. డంపర్ అంత పెద్దదైతే మనిషి కనిపించడు, భైరవ అందులో దూరిన పురుగైపోతాడు. లారీ అంతే అయితే అద్భుతం ఉండదు. చక్రం మనిషి భుజానికి దగ్గరగా వచ్చినప్పుడే బండీ హీరో ఒకే ఫ్రేములో సరిజోడుగా నిలుస్తారు.

ఇక చక్రాల అమరిక. ముందు రెండు, వెనక ఒకటి. ఆ వెనకది బంతిలా గుండ్రంగా ఉంటుంది. మన ఆటోకు ఇది సరిగ్గా తిరగేసిన పద్ధతి. సత్తుపల్లి నుంచి వేంసూరు వైపో పెనుబల్లి వైపో జనాన్ని కుక్కుకుని పోయే ఆటో మలుపులో బ్రేకు వేస్తే పక్కకు ఎందుకు ఒరుగుతుందో ఆలోచించండి. బ్రేకు పడగానే బరువంతా ముందుకు వస్తుంది. ముందున్నది ఒక్క చక్రమే. ఆపుకోవడానికి పక్కన ఇంకో కాలు లేదు. బుజ్జిలో ఆ ముందుకొచ్చే బరువును దూరదూరంగా ఉన్న రెండు పెద్ద చక్రాలు పట్టుకుంటాయి. కాబట్టి ఈ వింత ఆకారం కేవలం వింత కోసం కాదు, బరువైన మూడు చక్రాల బండి నిలబడే పద్ధతి అదే. కళాకారుడి గీతకూ ఇంజనీరు లెక్కకూ ఇక్కడ గొడవ రాలేదు. అలాంటి చోటు దొరకడం అరుదు.

తెర మీద బరువు ఎలా కనిపిస్తుంది? కంటికి కాటా లేదు కదా. కన్ను కొన్ని ఆనవాళ్లు పట్టుకుంటుంది. బరువైన వస్తువు ఆలస్యంగా బయల్దేరుతుంది, ఆలస్యంగా ఆగుతుంది. ఆగినప్పుడు ముక్కు కిందికి వంగి, మళ్లీ నెమ్మదిగా లేస్తుంది. టైరు నేలను తాకిన చోట కొంచెం అణుగుతుంది. దుమ్ము లేచే తీరు, లేచాక పడే తీరు వేరు. కంప్యూటర్లు రాకముందు చిన్న నమూనాలతో పెద్ద వస్తువులను చూపించేవాళ్లు కెమెరాను ఎక్కువ వేగంతో తిప్పి తీసేవారు. తెర మీద వేసినప్పుడు కదలిక నెమ్మదించి, బొమ్మ ఓడ నిజం ఓడంత బరువు తెచ్చుకునేది. కంప్యూటర్ బొమ్మకు ఈ ఆనవాళ్లేవీ పుట్టుకతో రావు. ఎవరో కూర్చుని ఒక్కొక్కటీ దానికి నేర్పాలి. ఆ నేర్పేవాడి ఎదురుగా నిజం బండి ఒకటి ఉంటే పని సగం తేలికవుతుంది. లోహం మీద ఎండ ఎలా పడిందో, నీడ ఎక్కడ చిక్కబడిందో చూసుకోవచ్చు. బుజ్జి విన్యాసాల్లో చాలా భాగం కంప్యూటర్‌లో పుట్టినవే అయినా అవి గాల్లో తేలిపోకపోవడానికి కారణం, వాటి వెనక ఆరు టన్నుల సాక్ష్యం ఉండటం.

ప్రపంచ సినిమాలోనూ ఈ దారి ఉంది. ‘బ్యాట్‌మన్ బిగిన్స్’ (2005) కోసం నిజంగా పరుగెత్తే టంబ్లర్ బండ్లు కట్టారు. ‘మ్యాడ్ మ్యాక్స్: ఫ్యూరీ రోడ్’ (2015)కు ప్రొడక్షన్ డిజైనర్ కాలిన్ గిబ్సన్ బృందం పాత కార్లను కోసి, అతికి, వందకు పైగా బండ్లు తయారుచేసి ఎడారిలో పరిగెత్తించి ఆస్కార్ తెచ్చుకుంది. ‘కల్కి’ చూసినవాళ్లు ఈ సినిమాల పేర్లే చెప్పి కాపీ అని కొట్టిపారేశారు. ఆకారాల్లో పోలికలున్నాయి, కాదనను. కానీ చేతిపనిలో కాపీ అంత సులువు కాదు. ఆకారాన్ని చూసి గీయొచ్చు; ఆరు టన్నులను చూసి నడిపించలేం.

వైజయంతీ మూవీస్ ‘ఫ్రమ్ స్క్రాచ్’ పేరుతో ఈ పనుల మీద చిన్న చిన్న వీడియోలు విడుదల చేసింది. 2022 చివర్లో వచ్చిన మొదటిదాని విషయం మొత్తం ఒక చక్రం. సినిమా విడుదలకు ఏడాదిన్నర ముందు, హీరో ముఖం చూపించకుండా, ఒక టైరు తయారీ చూపించి ప్రచారం మొదలుపెట్టిన సంస్థ తెలుగులో ఇంకోటి ఉందేమో నాకైతే గుర్తులేదు. బజారులో దొరికే చక్రం ఎందుకు పనికిరాదు అన్న వాదన అందులో నవ్వు పుట్టించేలా సాగుతుంది. రెండో వీడియో విలన్ సైనికులైన రైడర్ల దుస్తుల మీద. ఆ తర్వాత బుజ్జి మీద కూడా ఒకటి వచ్చింది. కుర్రాళ్లు ఇప్పటికైనా వెతుక్కుని చూడాలి. ముఖ్యంగా లేత్ మిషన్ దగ్గర, వెల్డింగ్ షాపులో పని నేర్చుకుంటున్నవాళ్లు. తమ పనికీ సినిమాకూ మధ్య దారి ఉందని వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

బండిని వదిలి మనిషి దగ్గరికొద్దాం. ఈ సినిమాలో బుజ్జికి సమానమైన ఇంకో నిర్మాణం అశ్వత్థామ. అమితాబ్ బచ్చన్ 81 ఏళ్ల వయసులో చేసిన పాత్ర. కురుక్షేత్రంలో కృష్ణుడి శాపం పొంది, ఆరువేల ఏళ్లు గాయాలతో తిరిగి, కల్కిని మోసే తల్లికి కాపలా కాయడానికి లేచే మనిషి. క్రీస్తు పూర్వం 3102లో మొదలై క్రీస్తు శకం 2898లో ముగిసే లెక్క అది. పేరులోని అంకె అలా వచ్చిందని దర్శకుడే చెప్పాడు.

ఇక్కడ చేసిన పనులు రెండు రకాలు. యుద్ధభూమి దృశ్యంలో అమితాబ్ ముఖాన్ని కంప్యూటర్‌తో యవ్వనానికి తీసుకెళ్లారు. అది బాగానే ఉంది, అంతకన్నా ఏమీ కాదు. చర్మం నున్నబడింది, చూపు కొంచెం మొద్దుబారింది. అసలు గొప్ప పని ముసలి అశ్వత్థామది. ఒళ్లంతా చుట్టిన పాత గుడ్డపట్టీలు, నుదుటి మీద మణి పోయిన చోట మానని గాయం, ఆ పట్టీల మధ్య రెండు కళ్లు. మేకప్‌కే గంటలు పట్టిన వేషం. గుడ్డపట్టీ అన్న ఆలోచన ఎవరిదో గానీ వాళ్లకు దండం పెట్టాలి. పురాణ పాత్ర అనగానే కిరీటం, భుజకీర్తులు, పట్టుపంచె వచ్చేస్తాయి మన కళ్లకు. శపించబడ్డవాడికి ఆభరణం ఉండదు, కట్టు ఉంటుంది. ఎన్ని కట్లు కట్టినా మానదు కాబట్టి కట్టు మీద కట్టు. ఒక్క మాట లేకుండా ఆరువేల ఏళ్లు ఎలా గడిచాయో దుస్తులే చెప్పేశాయి. కాస్ట్యూమ్ డిజైనర్ అర్చనా రావు ‘మహానటి’కి కూడా పనిచేశారు. సావిత్రి చీరల నుంచి అశ్వత్థామ పట్టీల దాకా రావడం చిన్న దూరం కాదు.

ఆపైన కొలత. ప్రభాస్ పొడగరి. అతని పక్కన అశ్వత్థామ ఇంకా ఎత్తుగా, ద్వాపరం నుంచి వచ్చినవాడిలా కనిపించాలి. ఒకరిని పెద్దగా, ఒకరిని చిన్నగా చూపిస్తూ ఇద్దరూ ఒకరినొకరు తాకే పోరాటం తీయడం కష్టమైన పని. చెయ్యి భుజం మీద పడిన చోట, ఒకరు ఒకర్ని ఎత్తి విసిరిన చోట కొలత తప్పితే మోసం బయటపడుతుంది. చాలా వరకు తప్పలేదు. అశ్వత్థామ అడుగు వేస్తే ఆలస్యంగా పడుతుంది, పడ్డాక కదలదు. బుజ్జికి పనిచేసిన లెక్కే ఇది. మనిషి పెరిగితే కదలిక నెమ్మదించాలని ఇక్కడ పనిచేసినవాళ్లకు తెలుసు. అమితాబ్‌కు అంతకన్నా బాగా తెలుసు. వయసు తెచ్చిన నెమ్మదిని పాత్ర బరువుగా మార్చుకున్నాడు. 

కృష్ణుడి ముఖం చూపించకపోవడం నాకు ఈ సినిమాలో అన్నింటికన్నా నచ్చిన నిర్ణయం. నల్లటి రూపం, నెమలి పింఛం, గొంతు, అంతే. 1957లో ‘మాయాబజార్’ వచ్చినప్పటి నుంచీ తెలుగువాడి మనసులో కృష్ణుడి కుర్చీ ఖాళీగా లేదు. అక్కడ ఎన్.టి. రామారావు కూర్చున్నాడు. ఇంకెవరి ముఖం పెట్టినా హాలులో సగం మంది మనసులో పోల్చుకోవడం మొదలుపెడతారు, దృశ్యం చెడుతుంది. 600 కోట్లు చేతిలో ఉన్నప్పుడు ఏదైనా చూపించగలం అనే ధీమా వస్తుంది. ఆ ధీమాను ఒక్కచోటైనా అణచుకుని చూపించకుండా వదిలేయడం పనితనంలో భాగమే. చివరకు విజయ్ దేవరకొండను అర్జునుడిగా దించి ఆ నిగ్రహాన్ని తామే పోగొట్టుకున్నారు. ఆ గాండీవం ఆ చేతుల్లో నాకు ఆనలేదు.

కాశీ నగరం, దాని మీద వేలాడే కాంప్లెక్స్ గురించి కూడా రాయాలి. గంగ ఎండిపోయింది. ప్రపంచంలో మిగిలిన ఆఖరి నగరం కాశీ. నీళ్లు, పచ్చదనం, మంచి గాలి అన్నీ ఆకాశంలో తలకిందులుగా నిలిచిన ఒక పిరమిడ్ లోపల ఉన్నాయి. అందులోకి పోవాలంటే పది లక్షల యూనిట్లు సంపాదించాలి. ప్రొడక్షన్ డిజైనర్ నితిన్ జిహానీ చౌధరి. తలకిందుల పిరమిడ్ ఆలోచన తేలిగ్గా అర్థమవుతుంది: వెడల్పంతా పైన, కింద ఉన్నవాళ్ల వైపు మొన. కింద నగరంలో ఎక్కడ నిలబడినా తల మీద అది ఉంటుంది. గనుల పక్క ఊళ్లలో ఉండేవాళ్లకు ఈ బొమ్మ వివరించనక్కర్లేదు. మన దగ్గర తవ్విపోసిన మట్టి గుట్టలు ఊరిని కిందికి చూస్తుంటాయి. సత్తుపల్లికి కొత్తగూడెం నుంచి వేసిన రైలు మార్గంలో ముందు నడిచింది బొగ్గు, మనుషులు కాదు.

కాశీ వీధుల్లో నాకు నచ్చింది మురికి. 1977లో వచ్చిన ‘స్టార్ వార్స్’ తీసేటప్పుడు జార్జ్ లూకస్ భవిష్యత్తు వస్తువులను వాడి వాడి అరిగినట్టు ఉంచమన్నాడు. అంతకుముందు చాలా సినిమాల్లో భవిష్యత్తంటే తెల్లటి మెరుపు. ‘కల్కి’ బృందం ఆ పాఠాన్ని కాశీకి అన్వయించుకుంది. తుప్పు, వేలాడే తీగలు, గుడ్డపీలికలు, ఎక్కడి నుంచో ఊడబెరికి ఇంకెక్కడో అతికించిన సామాను. బీదవాళ్ల దగ్గర ఏ వస్తువూ ఒక్క పనికే పుట్టి ఒక్క పనికే చావదన్న ఎరుక ఆ వీధుల్లో ఉంది. సెర్బియాకు చెందిన ఛాయాగ్రాహకుడు జోర్డె స్టోయిల్కోవిచ్ ఆ వీధులను దుమ్ము రంగులో ముంచాడు. అదే బృందం కాంప్లెక్స్ లోపలికి పోగానే చేతులెత్తేసింది. స్వర్గం అనుకున్నది పర్యాటక శాఖ ప్రకటనలా ఉంది. రాక్సీతో (దిశా పటానీ) భైరవ విహారం, పాట, అన్నీ కలిసి సినిమాకు అతి బలహీనమైన భాగం ఇదే. లేమిని ఇంత వివరంగా ఊహించినవాళ్లకు కలిమిని ఊహించడం చేతకాలేదు. తప్పు పట్టను, స్వర్గం గీయడం ఎప్పుడూ కష్టమే.

మరి నిరాశ ఎందుకంటే, బరువు తెలిసిన ఈ బృందం కథలోని మనుషులను మాత్రం తూచలేదు. కథంతా తిరిగేది ఒక గర్భిణి చుట్టూ. సమ్-80 అని నంబరు పెట్టి బంధించిన ఆడమనిషి. తర్వాత సుమతి అని పేరు పెడతారు. దీపికా పదుకొణె మంటల్లోంచి నడిచొచ్చే దృశ్యం కళ్లకు గొప్పగా ఉంటుంది. ఆ తర్వాత ఆమెను ఒక చోటి నుంచి ఇంకో చోటికి తరలిస్తూనే ఉంటారు, కాపాడుతూనే ఉంటారు. ఆమె ఏం అనుకుంటోంది? కడుపులో ఉన్నది దేవుడని తెలిసిన క్షణాన ఆమెకు భయం వేసిందా, కోపం వచ్చిందా? రెండు నిమిషాలు కూడా దాని మీద నిలబడరు. చక్రం మీద అన్ని నెలలు కూర్చున్నవాళ్లు తల్లి మీద ఒక్క పూట కూర్చోలేదా అనిపిస్తుంది. కమల్ హాసన్ వేసిన విలన్ యాస్కిన్ కూడా అంతే. ఎండిపోయిన దేహం, భయపెట్టే వేషం, గొంతు, అన్నీ సిద్ధం చేసుకుని కొద్ది నిమిషాలు కనిపించి రెండో భాగానికి వాయిదా పడిపోతాడు. భైరవ హాస్యం రాసినవాళ్లు హీరో ఇమేజ్‌ను చూసి రాశారే తప్ప, ఆకలి నగరంలో బతికే కిరాయి వేటగాడిని చూసి రాయలేదు.

ఈ సినిమాకు మార్గదర్శిగా ఉన్న సింగీతం శ్రీనివాసరావు 1991లో ‘ఆదిత్య 369’ తీశారు. కాలయంత్రం ఎక్కి 1526 నాటి విజయనగరానికీ, 2504 నాటి భవిష్యత్తుకూ పోయే కథ. అప్పటి సెట్లను ఇప్పుడు చూస్తే రంగుల బల్బులు, రేకు తలుపులు తెలిసిపోతాయి. పేకేటి రంగా కళాదర్శకత్వానికి ఉన్న వనరులు ‘కల్కి’ ఒక్క పాట ఖర్చుకు సరితూగవేమో. అయినా ఆ కాలయంత్రంలోకి మనం కూడా ఎక్కుతాం, ఎందుకంటే అందులో ఎక్కినవాళ్లు ఎవరో, ఎందుకు భయపడుతున్నారో మనకు తెలుసు. ఆ యంత్రం కథను మోసింది. ఇక్కడ యంత్రం నిజంగా నడుస్తుంది, కథ దాని వెనక నడవలేకపోయింది. గురువుగారు పక్కనే ఉండగా ఇది జరగడం నాకు ఇప్పటికీ అర్థం కాని సంగతి.

సంతోష్ నారాయణన్ సంగీతం గురించి ఎక్కువ రాయను. అశ్వత్థామ వెనక వచ్చే చోట్ల బాగుంది, పాటలు గుర్తుండవు. కోటగిరి వెంకటేశ్వరరావు కూర్పులో ఇరవై నిమిషాలు తీసేసి ఉంటే సినిమాకు మేలు జరిగేది.

విడుదలకు ముందు ‘బుజ్జి అండ్ భైరవ’ అని రెండు భాగాల యానిమేషన్ ప్రైమ్ వీడియోలో వేశారు. బుజ్జి బుర్రకు బండి దేహం ఎలా దొరికిందో చెప్పే కథ. పిల్లల కోసమని వదిలేయకండి. భైరవకు ఆ బండి మీద ఎందుకంత మమకారమో పెద్ద సినిమా కన్నా ఇదే బాగా చెప్పింది. ఆ సంగతి అసలు సినిమాలో ఉండాల్సింది.

రెండో భాగం పనులు సాగుతున్నాయి. 2025 సెప్టెంబరులో దీపికా పదుకొణె ఆ భాగంలో ఉండరని నిర్మాతలు ప్రకటించారు. అంటే తల్లి పాత్రను ఎలాగూ కొత్తగా ఆలోచించక తప్పదు. నాగ్ అశ్విన్ గారికి ఒక విన్నపం: 2022లో మీరు ఇంజనీర్లను అడిగినట్టే ఈసారి ఇద్దరు ముగ్గురు మంచి రచయితలను అడగండి, మాకు తెలిసిన రాత సరిపోదని చెప్పండి. బుజ్జికి పెట్టినంత ఓపిక సుమతికి పెట్టండి. సత్తుపల్లిలో మొదటి రోజు టికెట్ కొనడానికి మేం సిద్ధంగానే ఉన్నాం.